ఎడిసన్ నుంచి ఫ్రిస్కో మారుతున్నాం, పాప టీకాల కార్డు టెక్సాస్‌లో సరిపోదంటున్నారు

బెజవాడ_అమ్మాయి:
అందరికీ నమస్తే అండి. మేము నాలుగేళ్ళుగా న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉంటున్నాం, మా ఆయనకి డల్లాస్ దగ్గర ప్రాజెక్ట్ వచ్చింది, వచ్చే నెల ఫ్రిస్కో వెళ్ళిపోతున్నాం. పాపకి ఆరేళ్ళు, ఫస్ట్ గ్రేడ్. పుట్టింది విజయవాడలో, రెండేళ్ళు నిండేదాకా మా అమ్మ దగ్గరే పెరిగింది, టీకాలన్నీ గవర్నమెంట్ ఆస్పత్రిలోనే వేయించాం. ఇక్కడికొచ్చాక డాక్టర్ కార్డు చూసి తక్కువైనవి వేశారు, ఎడిసన్ స్కూల్‌లో ఒక్క మాట అనకుండా చేర్చుకున్నారు. ఇప్పుడు ఫ్రిస్కో స్కూల్‌కి పేపర్లు పంపితే నర్స్ నుంచి మెయిల్ వచ్చింది, హెపటైటిస్ ఎ రెండు డోసులు లేవు, ఎమ్ఎమ్ఆర్ ఒక్కటే కనిపిస్తోంది రెండు కావాలి అని. ఒకే దేశం కదండీ, అక్కడ సరిపోయింది ఇక్కడ ఎందుకు సరిపోదు? పాప స్కూల్ మానేయాల్సొస్తుందేమో అని నిన్నటినుంచి నిద్ర లేదు. ఎవరికైనా ఇలా అయిందా?

ప్లేనో_పాతకాపు:
కంగారు పడకమ్మా, ఇది ఇక్కడికొచ్చే సగం ఇళ్ళల్లో జరిగేదే. మేము పదకొండేళ్ళ క్రితం మిషిగన్ నుంచి వచ్చినప్పుడు మాకూ ఇలాగే అయింది. విషయం ఏంటంటే స్కూల్ టీకాల లిస్టు ఏ స్టేట్‌కి ఆ స్టేటే రాసుకుంటుంది. టెక్సాస్‌లో కిండర్‌గార్టెన్‌కే హెపటైటిస్ ఎ రెండు డోసులు అడుగుతారు, న్యూజెర్సీ అడగదు. ఇక ఎమ్ఎమ్ఆర్ సంగతి, అంటే తట్టు (మీజిల్స్), గవదబిళ్ళలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే టీకా. మన దగ్గర గవర్నమెంట్ వేసేది ఎమ్ఆర్, అంటే తట్టుకీ రుబెల్లాకీ మాత్రమే, గవదబిళ్ళల మందు అందులో ఉండదు. పైగా మొదటి డోస్ తొమ్మిదో నెలలో వేస్తారు, అమెరికాలో మొదటి పుట్టినరోజు తర్వాత వేసిందే లెక్క. కాబట్టి మీ కార్డులో ఏడాదిన్నరప్పుడు వేసిన ఎమ్ఆర్, ఎడిసన్‌లో వేసిన ఎమ్ఎమ్ఆర్, ఈ రెండే లెక్కకొస్తాయి. న్యూజెర్సీకి తట్టుకి రెండు, గవదబిళ్ళలకి ఒకటి ఉంటే చాలు కాబట్టి అక్కడ పాస్. టెక్సాస్‌కి ఎమ్ఎమ్ఆరే రెండు కావాలి, ఇక్కడ ఫెయిల్. మీ కార్డులో తప్పేం లేదు, లెక్కపెట్టే చెయ్యి మారింది అంతే.

ప్లేనో_పాతకాపు:
చెప్పడం మర్చిపోయా. పోలియో కూడా ఒకసారి చూసుకోండి. 2016 ఏప్రిల్ తర్వాత ఇండియాలో వేసిన చుక్కల మందు రెండు రకాల పోలియోకే పనిచేసేది, దాన్ని ఇక్కడి డాక్టర్లు లెక్కలోకి తీసుకోరు. ఎడిసన్ డాక్టర్ మళ్ళీ ఇంజెక్షన్లు వేసే ఉంటారు, అయినా ఆ తేదీలు కాగితం మీద ఉన్నాయో లేదో చూడండి.

బెజవాడ_అమ్మాయి:
అన్నయ్యా చాలా థాంక్స్. ఇప్పుడే కార్డు తీశా, అదే పసుపు రంగు కార్డు, మా అమ్మ ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి పంపింది, తొమ్మిదో నెల దగ్గర ఏఎన్ఎమ్ గారి చేతిరాతలో ఎమ్ఆర్-1 అనే ఉంది. నేను ఇన్నాళ్ళూ అది ఎమ్ఎమ్ఆరే అనుకున్నా. పోలియో ఇంజెక్షన్లు ఉన్నాయి, నాలుగు తేదీలూ ఉన్నాయి. హెపటైటిస్ ఎ గురించి ఎడిసన్ డాక్టర్ అప్పుడే చెప్పారు, స్కూల్‌కి అవసరం లేదన్నారు కదా తర్వాత చూద్దాంలే అని మేమే వదిలేశాం.

ఫ్రీమాంట్_బాబాయ్:
మా కాలిఫోర్నియా కథ ఇంకో రకం అండి. ఇక్కడ హెపటైటిస్ ఎ స్కూల్‌కి అడగరు, కానీ అడిగిన వాటిలో ఒక్కటి తగ్గినా లోపలికి రానివ్వరు. 2014 డిసెంబర్‌లో డిస్నీల్యాండ్‌లో తట్టు అంటుకుని పక్క స్టేట్లకి కూడా పాకింది, ఆ దెబ్బకి 2015లో ఎస్‌బి 277 అని చట్టం తెచ్చారు, మా నమ్మకం మా మతం అని చెప్పి టీకా తప్పించుకునే దారి మూసేశారు, డాక్టర్ ఇచ్చే మెడికల్ కారణం ఒక్కటే మిగిలింది. న్యూయార్క్ కూడా 2019లో అదే చేసింది, అక్కడా తట్టు వచ్చాకే. మా అబ్బాయి స్కూల్లో చేరిన ఏడాది ఒక తల్లి ఆఫీసు కౌంటర్ దగ్గర ఏడుస్తూ నిలబడింది, వాళ్ళు వేరే స్టేట్ నుంచి వచ్చారు, అక్కడ ఫారం మీద సంతకం పెడితే సరిపోయేదట.

కొత్తగా_వచ్చా:
నాకు అర్థం కానిది ఒకటే అండి. సీడీసీ అని రోగాల నివారణ చూసే కేంద్ర సంస్థ ఒకటుంది కదా, మనకి ఢిల్లీలో ఆరోగ్య శాఖ ఉన్నట్టు, అది చెప్తే అందరూ వినాలి కదా?

అట్లాంటా_అక్క:
తమ్ముడూ ఇక్కడే అందరూ పొరపడతారు. నేను పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్ చేశా కాబట్టి కొంచెం ఓపిగ్గా చెప్తా. సీడీసీ ఉన్నది మా అట్లాంటాలోనే, కానీ అది సలహా ఇస్తుంది, ఆర్డర్ వేసేది స్టేట్. అమెరికా రాజ్యాంగంలో పదో సవరణ ఏం చెప్తుందంటే కేంద్రానికి రాసివ్వని అధికారాలన్నీ స్టేట్లవీ ప్రజలవీ అని. జనం ఆరోగ్యం కాపాడే అధికారం అలా స్టేట్ల చేతిలో ఉండిపోయింది, దాన్ని పోలీస్ పవర్ అంటారు, పోలీసులకీ దానికీ సంబంధం లేదు.

దీని మీద పెద్ద కేసు 1905లో తేలింది. మసాచుసెట్స్ కేంబ్రిడ్జ్‌లో మశూచి వచ్చింది, ఊళ్ళో పెద్దవాళ్ళందరూ టీకా వేయించుకోవాలని హెల్త్ బోర్డు ఆర్డర్ వేసింది, హెన్నింగ్ జాకబ్సన్ అనే పాస్టర్ వేయించుకోను అన్నాడు, స్వీడన్‌లో చిన్నప్పుడు టీకా వేస్తే ఒంటికి పడలేదని ఆయన వాదన. 5 డాలర్లు జరిమానా వేశారు, ఆయన కట్టనని సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు, 7-2తో ఓడిపోయాడు. స్టేట్ అలాంటి చట్టం చెయ్యొచ్చు అంది కోర్టు. చెయ్యొచ్చు అంది, చెయ్యాలి అనలేదు, ఇది గుర్తుపెట్టుకో. అందుకే ఒక స్టేట్ చేస్తుంది ఇంకోటి చెయ్యదు. 1922లో స్కూల్ టీకాల మీద కూడా ఇలాంటి తీర్పే వచ్చింది, ఆ కేసు టెక్సాస్ శాన్ ఆంటోనియోదే.

మన దగ్గర కూడా రాజ్యాంగం ప్రకారం ఆరోగ్యం రాష్ట్రాల సబ్జెక్టే, ఆరోగ్యశ్రీ చూడు, 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది, విడిపోయాక ఆంధ్రాది ఒక దారి తెలంగాణది ఒక దారి అయింది. కానీ పిల్లల టీకాల లిస్టు మాత్రం దేశం మొత్తానికీ ఢిల్లీ నుంచే వస్తుంది కాబట్టి గుంటూరులో వేసిన కార్డు వరంగల్‌లో ఎవరూ కాదనరు. అందుకే ఇక్కడికొచ్చాక మనకి ఈ తేడా తట్టదు.

రాక్‌వాల్_రెడ్డి:
అక్కా అంతా బాగానే చెప్పారు కానీ నేను కొంచెం వేరే మాట చెప్తా, కోప్పడకండి. టెక్సాస్‌లో కాన్షెన్స్ ఎగ్జెంప్షన్ ఉంది, అంటే మా మనస్సాక్షి ఒప్పుకోదు అని చెప్పి టీకా నుంచి మినహాయింపు తీసుకోవడం, 2003 నుంచి ఉంది. ఫారం నింపి నోటరీ చేయించి ఇస్తే స్కూల్ తీసుకోవాల్సిందే. మా చిన్నోడికి ఒక డోస్ తర్వాత రెండు రోజులు విపరీతమైన జ్వరం వచ్చింది, మా ఆవిడ భయపడిపోయింది, మేము ఆ ఫారమే పెట్టాం. పిల్లాడు మావాడు, నిర్ణయం మాది, ఆ స్వేచ్ఛ ఇచ్చే స్టేట్ అనే నేను ఇక్కడ ఇల్లు కొన్నా. బెజవాడ చెల్లెమ్మ కూడా అంత టెన్షన్ పడే బదులు ఆ ఫారం పెట్టేస్తే అయిపోతుంది కదా.

లబ్బక్_ఫార్మసీ:
రెడ్డి గారూ, మీ అబ్బాయికి జ్వరం వచ్చినప్పుడు మీ ఇంట్లో పడ్డ భయం నాకు అర్థమవుతుంది, నాకూ ఇద్దరు పిల్లలు. కానీ దయచేసి ఆ ఫారంని తేలిక దారిలాగా ఎవరికీ చెప్పకండి. నేను లబ్బక్‌లో ఫార్మసిస్ట్‌ని. 2025 జనవరి చివర్లో ఇక్కడికి గంటన్నర దూరంలో ఉన్న గేన్స్ కౌంటీలో తట్టు మొదలైంది. ఆ కౌంటీలో ఎగ్జెంప్షన్ ఫారంలు పెట్టిన ఇళ్ళు బాగా ఎక్కువ. ఆగస్టు 18న అయిపోయిందని స్టేట్ ప్రకటించేసరికి టెక్సాస్‌లో 762 కేసులు, ఇద్దరు స్కూల్ పిల్లలు చనిపోయారు, ఇద్దరికీ టీకా లేదు. 2000లోనే అమెరికాలో తట్టు పోయింది అని ప్రకటించిన దేశం ఇది.

ఆ ఫిబ్రవరి మార్చిల్లో నా కౌంటర్ దగ్గర జరిగింది ఒకటి చెప్తా. ఒక తెలుగమ్మాయి ఏడు నెలల బాబుని ఛాతీకి కట్టుకుని వచ్చింది, టెక్ యూనివర్సిటీలో వాళ్ళాయన చదువుతున్నాడట, అన్నా బాబుకి ఇంకా ఏడాది నిండలేదు టీకా వేయరు కదా నేను సరుకులకి కూడా బయటికి రాకూడదా అని అడిగింది. కేసులున్న కౌంటీల్లో ఆరో నెల నుంచే ముందు డోస్ ఒకటి వేయించమని చెప్తున్నారమ్మా డాక్టర్‌కి ఫోన్ చెయ్యి అని నంబర్ రాసిచ్చా. నా చేతిలోంచి ఆ కాగితం తీసుకుంటుంటే ఆ పిల్ల వేళ్ళు వణుకుతున్నాయి. మీ నిర్ణయం మీ ఇంటి గుమ్మం దగ్గర ఆగదండి, అలాంటి ఏడు నెలల పసిబిడ్డ దాకా వెళ్తుంది. ఎమ్ఎమ్ఆర్ రెండు డోసులు పడితే నూటికి 97 మందికి తట్టు రాకుండా ఆపుతుంది.

రాక్‌వాల్_రెడ్డి:
మీరు చెప్పింది చదివా. మా ఆవిడకి కూడా చదివి వినిపించా. డాక్టర్‌తో మళ్ళీ మాట్లాడతాం. అయితే వేసుకోండి అని చెప్పడం వేరు, వేసుకోకపోతే బడికి రానివ్వం అనడం వేరు, ఆ మాట మీద మాత్రం నేను మారలేదు.

అట్లాంటా_అక్క:
మాట్లాడతాం అన్నారు అది చాలు అన్నా. ఫ్లోరిడా అయితే 2025 సెప్టెంబర్‌లో స్కూల్ టీకాల రూల్స్ మొత్తం తీసేస్తాం అని ప్రకటించింది. అదే నెల కాలిఫోర్నియా, ఆరెగాన్, వాషింగ్టన్, హవాయి నాలుగూ కలిసి మా టీకాల సలహాలు మేమే ఇచ్చుకుంటాం అన్నాయి. రెండూ ఒకే దేశం, ఒకే నెల.

లబ్బక్_ఫార్మసీ:
అవునక్కా, దాని ప్రభావం మా కౌంటర్ దాకా వచ్చింది. 2025 చలికాలం ముందు కోవిడ్ టీకా కొన్ని స్టేట్లలో నేరుగా ఫార్మసీకి వెళ్తే వేశారు, కొన్నింట్లో డాక్టర్ చీటీ అడిగారు. ఎందుకంటే ఫార్మసిస్ట్ ఏ టీకా వెయ్యొచ్చో చెప్పేది కూడా స్టేట్ చట్టమే. మా లైసెన్స్ కూడా అంతే, నేను రేపు కాలిఫోర్నియా వెళ్తే ఇన్నేళ్ళ సర్వీసు ఉన్నా అక్కడి చట్టం పరీక్ష విడిగా రాసి పాసవ్వాలి. జలుబు మాత్ర సంగతి వినండి, సూడోఎఫెడ్రిన్ ఉన్నవి ఇక్కడ ఐడీ చూపించి కొనుక్కుంటారు, ఆరెగాన్‌లో 2021 చివరిదాకా దానికి డాక్టర్ ప్రిస్క్రిప్షన్ కావాల్సొచ్చేది.

ఎడిసన్_పిన్ని:
మీరంతా టీకాల దగ్గరే ఉన్నారు, నేను పాల గురించి చెప్తా. మా జెర్సీలో పచ్చి పాలు అమ్మడం కుదరదు. పక్కనే నది దాటితే పెన్సిల్వేనియాలో పర్మిట్ ఉన్న ఫార్మ్‌లు బాహాటంగా అమ్ముతాయి. మా బిల్డింగ్‌లో ముగ్గురు నలుగురు శనివారం పొద్దున్నే వెళ్ళి గాలన్ డబ్బాలు తెచ్చుకుంటారు, మీగడ బాగా కడుతుంది నెయ్యి ఊళ్ళో వాసన వస్తుంది అని. 1987 నుంచి పచ్చి పాలు స్టేట్ దాటించి అమ్మకూడదని కేంద్రం రూల్, మనం తాగడానికి తెచ్చుకుంటే వేరు సంగతి, తెచ్చి పక్కింటి వాళ్ళకి డబ్బులకి పోస్తే మాత్రం చిక్కే. తెచ్చుకున్నా సరే మన అమ్మమ్మల్లాగా పొంగు వచ్చేదాకా కాచండమ్మా. 2024లో ఆవులకి బర్డ్ ఫ్లూ వచ్చింది, పచ్చి పాలల్లో ఆ వైరస్ దొరికింది. ఆరోగ్యం అని కాచకుండా పిల్లలకి పోసేవాళ్ళని చూస్తే నా గుండె ఆగినంత పనవుతుంది. మన ఊళ్ళో పాలు కాచకుండా ఎవరు తాగారు చెప్పండి?

ప్లేనో_పాతకాపు:
పిన్నీ, పచ్చళ్ళు కూడా అంతే. మా ప్లేనోలో ఇంట్లో పచ్చళ్ళు, సున్నుండలు చేసి అమ్మే ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు, టెక్సాస్ కాటేజ్ ఫుడ్ చట్టం దానికి ఒప్పుకుంటుంది, కూరగాయల పచ్చడి అయితే పులుపు కొలత పీహెచ్ 4.6 కంటే పెరగకూడదు, 2025 సెప్టెంబర్ నుంచి ఏడాదికి లక్షన్నర డాలర్ల దాకా అమ్ముకోవచ్చు. కానీ కోడి పచ్చడి, రొయ్యల పచ్చడి కుదరదు, మాంసం చేపలు ఆ చట్టంలోకి రావు. మా వదిన వరసావిడ కోడి పచ్చడి సీసాలు వాట్సాప్ గ్రూపులో పెడితే నేనే ఫోన్ చేసి తీసేయించా.

ఎడిసన్_పిన్ని:
జెర్సీ అయితే ఇంట్లో చేసింది అమ్మడానికి 2021 దాకా అసలు ఒప్పుకోలేదు, దేశంలో చివరి స్టేట్ మాదే. ఇప్పుడు పర్మిట్ తీసుకుని ఏడాదికి 50,000 డాలర్ల లోపు, అదీ ఫ్రిజ్ అక్కర్లేని రొట్టెలు, స్వీట్లు, జామ్‌ల్లాంటివే. మా ఆవకాయకి ఇక్కడ దారి లేదు.

బెజవాడ_అమ్మాయి:
ఇవన్నీ చదువుతుంటే తల తిరుగుతోంది కానీ చాలా తెలుస్తోంది. ఇంకొకటి అడగనా? టీకాలు కాకుండా మేము వెళ్ళేముందు చూసుకోవాల్సినవి ఇంకేమైనా ఉన్నాయా?

అట్లాంటా_అక్క:
ఇన్సూరెన్స్‌లో గ్యాప్ రాకుండా చూసుకో చెల్లీ. న్యూజెర్సీలో ఇన్సూరెన్స్ లేకపోతే స్టేట్ టాక్స్‌లో పెనాల్టీ పడుతుంది, 2019 నుంచి ఆ రూల్ ఉంది, టెక్సాస్‌లో అది లేదు కాబట్టి నెల రోజులు లేకుండా ఉందాంలే అనిపిస్తుంది, అలా చెయ్యొద్దు. అక్కడ కింద పట్టుకునే వల కూడా పల్చన. మెడికెయిడ్ అంటే ఆదాయం తక్కువున్నవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్, దాన్ని ఇంకా ఎక్కువమందికి పెంచడం స్టేట్ల ఇష్టం అని 2012లో సుప్రీంకోర్టు అంది, 40 స్టేట్లు పెంచాయి, టెక్సాస్ పెంచలేదు, మా జార్జియా కూడా పూర్తిగా పెంచలేదు. హెచ్4 వీసా మీద ఉన్న మనకి నేరుగా తగలకపోవచ్చు కానీ గ్రీన్ కార్డు మీద వచ్చిన అమ్మానాన్నలు ఉన్నవాళ్ళు ఏ స్టేట్‌లో ఉంటారో ముందే ఆలోచించుకోవాలి.

డెంటన్_కోడలు:
అక్కా నేను ఇక్కడ మొదటిసారి రాస్తున్నా. మేము కూడా న్యూజెర్సీ నుంచే వచ్చాం. నాకిప్పుడు పన్నెండో వారం. అక్కడ ఉండుంటే డెలివరీ తర్వాత స్టేట్ నుంచి జీతంలో 85 శాతం దాకా, పరిమితికి లోబడి, 12 వారాలు వచ్చేది, ఇక్కడ స్టేట్ ఇచ్చేది ఏమీ లేదు, కేంద్రం రూల్ ప్రకారం జీతం లేకుండా 12 వారాలు, అదీ కంపెనీలో ఏడాది పనిచేసి ఉంటేనే, నాకింకా ఏడు నెలలే, డెలివరీ నాటికి ఏడాది నిండుతుందిలెండి. అది సర్దుకుంటాం. అడగాలనుకున్నది వేరే. ఇరవయ్యో వారం స్కాన్‌లో ఏదైనా పెద్ద లోపం ఉందని తెలిస్తే ఇక్కడ ఏం చేస్తారు? డాక్టర్‌ని అడిగితే అప్పుడు చూద్దాం అని మాట దాటేశారు. మా అత్తయ్యకి చెప్పలేను, ఆవిడ శుభమా అని ఇదేం మాట అంటారు.

అట్లాంటా_అక్క:
అమ్మా, అడగడంలో తప్పేం లేదు, తెలుసుకుని ఉండటమే మంచిది. ఉన్నది ఉన్నట్టు చెప్తా. 2022 జూన్ 24న సుప్రీంకోర్టు అబార్షన్ విషయం స్టేట్లకి వదిలేసింది, ఆ ఆగస్టు 25 నుంచి టెక్సాస్‌లో అది దాదాపు పూర్తిగా నిషేధం. తల్లి ప్రాణానికి ముప్పు ఉంటే మినహాయింపు ఉంది, బిడ్డలో లోపం ఉందన్న కారణానికి లేదు. శిక్ష డాక్టర్‌కి, తల్లికి కాదు, అందుకే డాక్టర్లు మాట దాటేస్తారు. దగ్గర్లో న్యూ మెక్సికోలో చట్టబద్ధం, కాన్సాస్‌లో 22 వారాల దాకా. నువ్విప్పుడు చెయ్యగలిగింది, బిడ్డలో జన్యు లోపాల కోసం పదో వారం తర్వాత చేసే రక్తపరీక్ష ఇంకా చేయించుకోకపోతే ఇప్పుడే అడుగు, స్కాన్ తేదీ పద్దెనిమిదో వారానికి జరపగలరేమో అడుగు. ఒక్క మాట, రక్తస్రావం, జ్వరం, ఉమ్మనీరు పోవడం ఇలా ఏదైనా ఉంటే చట్టం గురించి ఆలోచిస్తూ ఇంట్లో కూర్చోకు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళు. నూటికి తొంభై మందికి పైగా ఏ ఇబ్బందీ లేకుండానే స్కాన్ దాటేస్తారు. నాకు పర్సనల్ మెసేజ్ పెట్టు, మాట్లాడుకుందాం.

డెంటన్_కోడలు:
పెట్టాను అక్కా.

ఎడిసన్_పిన్ని:
డెంటన్ తల్లీ, మా తోడికోడలు లూయిస్‌విల్‌లో ఉంటుంది, మీకు అరగంట దూరం. పచ్చి మిరపకాయ వాసన పడకపోయినా, అన్నం తినబుద్ధి కాకపోయినా ఫోన్ చెయ్యి, తెచ్చిపెడుతుంది. నంబర్ లోపల మెసేజ్‌లో పంపుతున్నా.

ప్లేనో_పాతకాపు:
బెజవాడమ్మాయ్, నీ విషయానికి వస్తే ఇలా చెయ్యి. అక్కడినుంచి బయల్దేరే ముందే ఎడిసన్ డాక్టర్ దగ్గర హెపటైటిస్ ఎ మొదటి డోస్, ఎమ్ఎమ్ఆర్ ఇంకోటి వేయించు, రెండూ ఒకే రోజు వెయ్యొచ్చు. హెపటైటిస్ ఎ రెండోదానికి ఆరు నెలలు ఆగాలి, పర్లేదు, టెక్సాస్‌లో ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ అని ఉంది, ప్రతి టీకాకి కనీసం ఒక్క డోస్ పడి ఉండి మిగతావి టైమ్‌కి వేయిస్తుంటే పిల్లని చేర్చుకుంటారు. ఇంకో సూది వద్దనుకుంటే రక్తపరీక్షలో గవదబిళ్ళలకి రోగనిరోధక శక్తి ఉందని తేలినా ఒప్పుకుంటారు, కానీ దానికీ సూది గుచ్చాల్సిందే, రిపోర్టుకి రోజులు పడతాయి, నన్నడిగితే డోసే నయం.

బెజవాడ_అమ్మాయి:
మూడు వారాల తర్వాత రాస్తున్నా, ఆలస్యమైంది ఏమనుకోవద్దు, సామాన్లు ఇంకా డబ్బాల్లోనే ఉన్నాయి. అన్నయ్య చెప్పినట్టే బయల్దేరే ముందు గురువారం రెండూ వేయించాం. ఒక చేతికి ఒకటి ఇంకో చేతికి ఒకటి, పాప రెండు చేతులూ పైకెత్తి నేను ఇంక బ్యాగ్ మొయ్యను అంది. సోమవారం ఫ్రిస్కో స్కూల్‌కి వెళ్ళాం. నర్స్ గారు పెద్దావిడ, నా పసుపు కార్డు, ఎడిసన్ ప్రింటౌట్ పక్కపక్కన పెట్టుకుని వేలితో ఒక్కో తేదీ దాటుకుంటూ వచ్చారు, తొమ్మిదో నెల ఎమ్ఆర్ దగ్గర ఆగి తల అడ్డంగా ఊపారు, నాకు గుండె దడ. చివరికి ఎమ్ఎమ్ఆర్ రెండు, ఓకే అన్నారు. హెపటైటిస్ ఎ దగ్గర ఆరు నెలల తర్వాత తేదీ పెద్ద అక్షరాల్తో రాసి ఒక కాగితం నాకిచ్చి ఇంకోటి ఫైల్లో పెట్టుకున్నారు. పాపని ఆ రోజే క్లాస్‌కి పంపారు.

ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించా. మా అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తే, నేను వేయించినవి లెక్కకి రాలేదా అని చిన్నబుచ్చుకుంది. వచ్చాయమ్మా ఏడాదిన్నరప్పుడు నువ్వు ఎండలో ఆటోలో తీసుకెళ్ళి వేయించావే అది తట్టుకి లెక్కకొచ్చింది అని చెప్పా.

రాక్‌వాల్_రెడ్డి:
సంతోషం చెల్లెమ్మా. మేము కూడా చిన్నోడికి శుక్రవారం అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. మొదటిసారి జ్వరం గురించి డాక్టర్‌కి అన్నీ చెప్పాలని మా ఆవిడ కాగితం మీద రాసుకుంటోంది.